పులికంప తీయిస్తామంటూ వచ్చేవారికి అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది చదవండి

చంద్రగిరి, భాకరాపేట, పాకాల వైపు అడవి అంచున తోటలు, తోపులు ఉన్నవారందరికీ ఈ హెచ్చరిక. పులికంప అంటే లాంటానా, తోటలను అల్లుకుపోయే ముళ్ళ కలుపు పొద. "ఒక్కసారి జేసీబీ తోలి మందు కొడితే పులికంప మళ్ళీ మొలవదు" అని చెప్పి, ఎకరాకు ఇంత అని బేరం కుదుర్చుకుని పోయేవారిని నమ్మి నేను ముప్పై వేల రూపాయలు పోగొట్టుకున్నాను. డబ్బు కంటే ఎక్కువ నష్టం ఆ నేలకు జరిగింది. మరొకరికి ఇలా జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మా నాన్నగారు చంద్రగిరి మండలంలో అడవిని ఆనుకుని మూడెకరాల మెట్ట కొన్నప్పుడు సగంలో మామిడి పెట్టి, మిగతా సగాన్ని ఉన్న చెట్లతో అలాగే వదిలేశారు. తుమికి, మోదుగ, నేరేడు, సీతాఫలం, వాటి నడుమ తమంతట తాముగా మొలిచిన ఏడెనిమిది ఎర్రచందనం మొక్కలు, ఇదీ ఆ చిట్టడవి. ఆయన పోయాక ఐదారేళ్ళు మేము సరిగా పట్టించుకోకపోవడంతో పులికంప మనిషి దూరలేనంతగా అల్లుకుపోయింది. అలాంటి సమయంలో తెలిసినవారి ద్వారా ఒక కాంట్రాక్టరు వచ్చాడు. ఎకరాకు ఇరవై వేల చొప్పున ఒకటిన్నర ఎకరాకు ముప్పై వేలు అడిగి, అందులో ఇరవై వేలు ముందుగానే ఫోన్‌లో వేయించుకున్నాడు.

గత ఏడాది మే నెలలో, ఎండలు మండిపోతున్నప్పుడు పని మొదలుపెట్టారు. నేను మొదట గమనించవలసింది ఇదే. నీరు లేక ఆకులు ముడుచుకుని, సగం రాలిపోయిన మొక్క మీద మందు కొడితే అది లోపలికి దిగి వేరు దాకా చేరదు. జేసీబీ కంపను నేలమట్టానికి విరిచి పక్కకు నెట్టింది తప్ప మొదళ్ళను పెకలించలేదు. ఆ విరిగిన మొదళ్ళ మీద, వట్టి మట్టి మీద మందు చల్లారు. అడిగితే గ్లైఫోసేట్ అనే కలుపు మందు అన్నారు. ఆ మందు ముఖ్యంగా పచ్చని ఆకు ద్వారా లోపలికి వెళుతుంది, మట్టిని తాకగానే దానికి అంటుకుని పనికిరాకుండా పోతుంది. అంతకన్నా బాధ కలిగించే సంగతి మరొకటి ఉంది. దిగువన ఉన్న కుంటలో అడుగంటిన ఎర్రటి నీళ్ళను బిందెలతో తెచ్చి, నీలం డ్రమ్ములో పోసి, అందులోనే మందు కలిపారు. డ్రమ్ము అడుగున వేలెడు మందాన బురద పేరుకోవడం నేను కళ్ళారా చూశాను. బురద నీటిలో కలిపిన గ్లైఫోసేట్ చల్లకముందే చాలావరకు నిర్వీర్యమవుతుందని అప్పటికి నాకు తెలియదు.

మందు డబ్బా మీద లేబులు సగం చిరిగి ఉంది. పురుగుమందుల చట్టం 1968 ప్రకారం ప్రతి డబ్బా మీదా మందు పేరు, బ్యాచ్ నంబరు, విష తీవ్రతను తెలిపే రంగు గుర్తు, అంటే ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చలలో ఒకటి, తప్పక ఉండాలి. పైగా 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం గ్లైఫోసేట్ వాడకాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే, అంటే మందులు కొట్టడానికి అనుమతి పొందినవారికే, పరిమితం చేసింది. ఆ అనుమతి పత్రం చూపమని నేను అడిగి ఉంటే బేరం అక్కడితోనే తెగిపోయేది.

సాయంత్రానికి నేల చదునుగా కనిపించడంతో మిగిలిన పదివేలు కూడా ఇచ్చేశాను. చూడవలసినది చదును కాదని వానలు పడ్డాక అర్థమైంది. ఆగస్టు నాటికి ఒక్కో మొదలు నుంచి పది పన్నెండు పిలకలు లేచాయి. పక్కకు నెట్టిన కొమ్మలలో నేలకు ఆనినవి అక్కడికక్కడే వేళ్ళు తన్నాయి. యంత్రం మట్టిని కలియబెట్టడంతో ఎండ తగిలిన గింజలన్నీ ఒక్కసారిగా మొలిచాయి. దీపావళికి కంప నడుము ఎత్తుకు వచ్చింది. చక్రాల కింద నలిగిన మూడు ఎర్రచందనం మొక్కలు మాత్రం తిరిగి లేవలేదు. సొంత పట్టాలోనైనా ఎర్రచందనం చెట్టు కొట్టాలంటే అటవీశాఖ అనుమతి ఉండాలన్న ఆలోచనే ఆ డ్రైవరుకు లేదు. అడవి హద్దురాళ్ళ దాకా బండి వెళుతుంటే నేనే అడ్డంగా నిలబడి ఆపవలసి వచ్చింది.

ఫోన్ చేస్తే కాంట్రాక్టరు చెప్పిన సలహా ఇంకా ప్రమాదకరమైనది. "ఆవులను తోలండి, చిగుళ్ళను అవే మేసేస్తాయి" అన్నాడు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. అలవాటున్న పశువులు సాధారణంగా దీన్ని ముట్టవు కానీ, మేము కొత్తగా కొన్న పెయ్య మేత కరువులో ఉండి మేసింది. నాలుగో రోజుకు కళ్ళు పచ్చబడ్డాయి, మూతి మీద తోలు ఎర్రబడి పొరలుగా ఊడింది, ఎండలోకి రమ్మంటే కదలలేదు. ఈ ఆకులోని లాంటడీన్ అనే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుందని, ఆ తరువాత ఎండ తగిలిన చోటల్లా చర్మం కాలినట్టవుతుందని పశువైద్యులు చెప్పారు. మూడు వారాలు చీకటి కొట్టంలో కట్టి వైద్యం చేయించాక బతికింది.

ఈ మొక్క మన నేలది కాదు. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాలకు చెందిన దీన్ని 1809లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు అందం కోసం తెచ్చారు. 1941లో దీని ఆకు రసం పీల్చే పురుగును ఆస్ట్రేలియా నుంచి రప్పించి వదిలినా అదుపులోకి రాలేదు. రెండు వందల ఏళ్ళుగా దేశం వదిలించుకోలేని దాన్ని ఒక్క పూటలో తుడిచేస్తానన్న మనిషి మాట నేనెలా నమ్మానో అని ఇప్పటికీ బాధపడుతుంటాను.

మాకు పనికొచ్చిన పద్ధతిని ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య సి.ఆర్. బాబు బృందం కార్బెట్ పులుల అడవిలో పాటించి చూపింది. పిలకలు పుట్టేది కాండానికీ వేరుకూ మధ్యనున్న ముడి దగ్గర. నేల మట్టానికి మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల లోతున, ఆ ముడికి దిగువన వేరును నరికేస్తే మిగిలిన వేరు మళ్ళీ లేవదు. తీసిన పొదను తలకిందులుగా, మొదలు ఆకాశం వైపు ఉండేలా పెడితే నేలలో నాటుకోదు. నవంబరు వానలకు మట్టి మెత్తబడ్డాక మా ఊరి కూలీలు గడ్డపారలతో ఇలా తీశారు. రోజు కూలి మీద పదకొండు రోజులు పట్టింది. ఒక్క చెట్టుకూ దెబ్బ తగలలేదు. పని అంతటితో అయిపోదు. పికిలిపిట్టలు, గోరింకలు నల్లటి పండ్లు తిని చెట్లపై వాలి రెట్ట వేస్తాయి కనుక, పెద్ద చెట్ల కిందనే కొత్త మొలకలు గుంపుగా వస్తాయి. వాటిని ఏడాదికి రెండుసార్లు చేత్తో పీకాలి.

కాబట్టి ఎవరు పని ఒప్పుకున్నా, వేరును ఎంత లోతులో నరుకుతారో ముందుగా అడిగి, మీ ఎదుట ఒక పొదను తీయించి చూడండి. మొలకలు పీకడానికి మళ్ళీ ఎన్నిసార్లు వస్తారో కాగితం మీద రాయించుకోండి. సగం సొమ్మును రెండు వానాకాలాలు గడిచేదాకా మీ దగ్గరే ఉంచుకోండి. దీనికి ఒప్పుకోని వారిని పంపించివేయండి. బిల్లు లేకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. నా దగ్గర ఉన్నది ఫోన్‌లో డబ్బు వేసిన వివరం, డ్రమ్ము, లేబులు ఫోటోలు మాత్రమే. వాటితోనే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫిర్యాదు చేశాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు వ్యవహారాలకు ఫీజు లేదు, రెండేళ్ళలోగా వేయవచ్చు. మా అర్జీ ఈ వారంలో వేస్తున్నాము. ఇదే తరహాలో మోసపోయినవారు తమ ఫోటోలు, డబ్బు చెల్లించిన వివరాలు పోగొట్టుకోకుండా దాచుకోండి.