అడవి బాటకు కౌబెల్ గంట: కొనొచ్చు, కాకపోతే రబ్బరు మార్చుకోవాలి

అడవిలో సైకిల్‌కు గంట ఎందుకురా, అక్కడేమైనా ట్రాఫిక్ ఉంటదా అని మా హనుమకొండ గ్రూపులోనే కొందరు నవ్వారు. నర్సంపేట దాటి పాకాల వైపు బాటల్లో పొద్దున్నే తొక్కేవాళ్లకు తెలుసు, అక్కడ బోలెడు ట్రాఫిక్, కాకపోతే హారన్ కొట్టదు. బర్రెలు, మేకలు, కట్టెల మోపులతో వచ్చే ఆడవాళ్లు, ఇప్పపువ్వు ఏరేవాళ్లు, ఎక్సెల్ బండి మీద ముందూ వెనకా మూటలేసుకుని పోడు చేలకు పోయేవాళ్లు. ఆ బాటలు వాళ్లు నడిస్తే పడ్డవి. ఆదివారం పూట హెల్మెట్ పెట్టుకుని వెళ్లే మనం అక్కడ చుట్టాలం.

నేను కొన్నది ఆన్‌లైన్‌లో దొరికే కౌబెల్ టైపు, అంటే పశువుల మెడలో కట్టే గంటలాంటి ఇత్తడి గంట. ఇదే డిజైన్‌ను రకరకాల పేర్లతో అమ్ముతున్నారు, అందుకే కంపెనీ గురించి కాకుండా ఈ రకం గంట గురించే రాస్తున్నా. మామూలు సైకిల్ గంటను బొటనవేలితో కొట్టాలి. దీని లోపల నాలుక వేలాడుతూ ఉంటుంది, బాట గతుకులకు అదే ఊగి మోగుతుంది, వద్దనుకుంటే పక్కనున్న లివర్ నొక్కితే నాలుక పైకి బిగుసుకుని చప్పుడు ఆగిపోతుంది. రాళ్ల దిగుడులో వేళ్లు బ్రేకుల మీద నుంచి తీయాల్సిన పని లేదు, నేను డబ్బులు పెట్టింది దీనికే.

దీని విలువ ఏప్రిల్, మే నెలల్లో తెలుస్తుంది. అది బీడీలు చుట్టే తునికాకు సీజన్. తెల్లవారకముందే అడవిలోకి పోయిన వాళ్లు ఎండ ముదిరేలోపు ఆకు మూట నెత్తిన పెట్టుకుని అదే బాటలో వెనక్కి వస్తుంటారు. నెత్తిన అంత మూట ఉన్న మనిషి మెడ తిప్పి చూడలేదు, చూడాలంటే ఒళ్లంతా తిరగాలి. మనం చప్పుడు లేకుండా పది అడుగుల దాకా వచ్చి ట్రింగ్ అన్నామనుకోండి, ఆమె ఉలిక్కిపడుతుంది, ఒక చెయ్యి మూట మీదికి, ఒక కాలు పక్కనున్న ముళ్లలోకి పోతుంది. కౌబెల్ చప్పుడు దూరం నుంచే మెల్లగా దగ్గరవుతూ వస్తుంది కాబట్టి ఏ పక్కకు జరగాలో ఆమే చూసుకుంటుంది, తిరగకుండానే కుడి చేత్తో పొమ్మన్నట్టు సైగ చేస్తుంది. అప్పటికి మనం నడక వేగానికి వచ్చి ఉండాలి. గంట మోగించాం కదా, ఇక వాళ్లే జరగాలి అనుకునే బాపతు వాళ్లు దయచేసి ఇది కొనకండి. బాట సన్నగా ఉంటే కాలు కింద పెట్టి ఆగి "మీరు పోండి అక్కా" అంటే సరి, మన యావరేజ్ స్పీడు పడిపోతే ప్రపంచం మునగదు.

అమెరికాలో 1988లో పెట్టిన ఇంటర్నేషనల్ మౌంటెన్ బైసికిలింగ్ అసోసియేషన్ రూల్స్ కూడా ఇదే చెబుతాయి: నడిచేవాళ్లకు సైకిల్ దారివ్వాలి, దిగేవాడు ఎక్కేవాడికి దారివ్వాలి, వస్తున్నట్టు ముందే తెలియజేయాలి. గుర్రాల దగ్గర ఎలా ఉండాలో కూడా రాశారు గానీ బర్రెల ఊసు లేదు. మన బర్రెకు ఏ గంటా లెక్కలేదు. పైగా దీంతో ఒక తమాషా ఉంది. ఒకసారి మలుపు తిరిగేసరికి ఒక పెద్దాయన కర్ర పట్టుకుని నాకే ఎదురొస్తున్నాడు, తప్పిపోయిన బర్రె దొరికిందన్న సంబరంతో. నన్ను చూసి "నువ్వా కొడుకా, నా బర్రె అనుకుంటి గదా" అని పాపం ఎంత నిరాశపడ్డాడో.

గుడ్డెలుగుల సంగతి మాత్రం తమాషా కాదు. ఇప్పపువ్వు రాలే మార్చి, ఏప్రిల్‌లో అవి కూడా ఆ చెట్ల కిందికే వస్తాయి. ఎలుగుకు మనిషి వస్తున్నట్టు ముందే తెలిస్తే ఎక్కువసార్లు తప్పుకుంటుంది, ఎక్కువగా హఠాత్తుగా ఎదురుపడినప్పుడే మీద పడుతుంది. సైకిలేమో వేగంగా, చప్పుడు లేకుండా వస్తుంది. 2016లో మోంటానాలో గ్లేసియర్ నేషనల్ పార్కు పక్క అడవిలో ఒక రైడర్ మలుపులో నేరుగా గ్రిజ్లీ ఎలుగుబంటిని గుద్దుకుని ప్రాణం పోగొట్టుకున్నాడు. కాబట్టి పొదల మలుపుల్లో, దిగుడుల్లో గంట ఆన్, దూరం దాకా కనబడే వెడల్పు బాటలో ఆఫ్. గంట ఉంది కదా అని చీకట్లో పోవడం, పులి అడుగులు కనిపించాయన్న వైపు పోవడం వద్దు. ఎన్ని గంటలు కట్టినా పర్మిషన్ పర్మిషనే: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పాకాల, ఏటూరునాగారం లాంటి అభయారణ్యాల్లో పబ్లిక్ రోడ్డు వదిలి లోపలికి పోవాలంటే ఫారెస్టోళ్ల అనుమతి కావాలి. వీడియోల్లో చూసి దూరిపోయే పోరగాళ్లకు ఇది ఎవరూ చెప్పట్లేదు.

గంటతో కాని పనులు కూడా ఉన్నాయి. నున్నగా ఉంది కదా అని తునికాకు కల్లాల మీదికి సైకిల్ తిప్పేవాళ్లను చూశాను. అక్కడ ఎండుతున్నది యాభై ఆకులకొక కట్ట చొప్పున ఒకరి కూలి. వానాకాలంలో వెనక బ్రేకు బిగపట్టి జారిస్తే మొరం బాటలో గాడి పడుతుంది, తర్వాతి వానకు నీళ్లన్నీ ఆ గాడిలోనే పారి బాట కోసుకుపోతుంది, అక్కడ తెల్లారి నడవాల్సింది మనం కాదు. నల్లరేగడి అయితే చక్రానికీ ఫ్రేముకూ మధ్య బంకలా పట్టి మనల్నే ఆపేస్తుంది, అదొక రకంగా మంచిదే.

ఇక లోపాలు. బిగించడానికి ఇచ్చిన రబ్బరు రింగు మన ఎండకు తట్టుకోదు, ఒక్క వేసవికే పగిలింది. పాత ట్యూబు ముక్క కోసి కట్టాను, ఇప్పుడు దానికంటే గట్టిగా ఉంది. హ్యాండిల్ మధ్యలో 31.8 మిల్లీమీటర్లు, గ్రిప్పుల దగ్గర 22.2 ఉంటుంది చాలా మౌంటెన్ బైకులకు. ఈ రింగు సన్న భాగానికే సరిపోతుంది, అక్కడేమో బ్రేకు, గేరు లివర్లు ముందే తిష్టవేసి ఉంటాయి. కొనేముందు స్కేలు పెట్టి ఖాళీ ఎంతుందో చూసుకోండి. బురద పడితే లివర్ ఇరుక్కుంటుంది, నీళ్లతో కడిగి ఒక చుక్క చైన్ ఆయిల్ వేస్తే సరి. పక్కన తొక్కే ఫ్రెండుకు అరగంటకే తల తిరుగుతుంది, అది భరించాల్సిందే.

టౌన్‌లో, తారు రోడ్ల మీద తొక్కేవాళ్లకు ఇది దండగ, గతుకు లేకపోతే మోగదు, వాళ్లకు బొటనవేలి గంటే మేలు. అడవి బాటల్లో తొక్కేవాళ్లు కొనుక్కోండి, కొనేటప్పుడే రబ్బరు రింగులు ఇంకో జత ఇస్తారేమో అడగండి.