ల్యాబు కంప్యూటర్‌కు యూనిఫైడ్ రైట్ ఫిల్టర్: పదకొండు నెలలు వాడాక

తెనాలిలో పంతొమ్మిదేళ్లుగా రక్తపరీక్షల ల్యాబు నడుపుతున్నాను. నేను చదివింది కంప్యూటర్లు కాదు, మైక్రోబయాలజీ. అయినా విండోస్‌లోని ఒక సదుపాయం గురించి ఇంత వివరంగా రాస్తున్నానంటే కారణం కిందటి సెప్టెంబరులో వచ్చిన ఒక సోమవారం.

డెంగీ జ్వరాల రోజులు. ఉదయం తొమ్మిదికే వరండా నిండిపోయింది. రక్తకణాలు లెక్కించే యంత్రం సెల్ కౌంటర్‌కు కలిపిన కంప్యూటర్ తెరిస్తే రిపోర్టుల ఫోల్డర్లు ఒక్కటీ లేవు. వాటి చోట అవే పేర్లతో షార్ట్‌కట్లు ఉన్నాయి. యంత్రం నుంచి విలువలు సాఫ్ట్‌వేర్‌లోకి రావడం ఆగిపోయింది. శనివారం సాయంత్రం కొత్త లెటర్‌హెడ్ డిజైన్‌ను జిరాక్స్ షాపు నుంచి పెన్‌డ్రైవ్‌లో తెచ్చి అదే కంప్యూటర్‌కు పెట్టారని విచారిస్తే తేలింది. యాంటీవైరస్ ఉంది. కానీ భద్రత కోసమని ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ ఇవ్వలేదు కాబట్టి దానిలోని వైరస్‌ల జాబితా ఎనిమిది నెలల పాతది.

రెండు రోజుల పాటు యంత్రం తెర మీద కనిపించిన అంకెలను చూసి చేత్తో రిపోర్టులు రాశాం. ఒక పిల్లవాడి ప్లేట్‌లెట్లు 1,18,000 ఉంటే మా ల్యాబులోనే ఒకరు 18,000 అని రాశారు. సంతకానికి ముందు మరొకరు సరిచూశారు కాబట్టి ఆ కాగితం బయటికి వెళ్లలేదు. వెళ్లి ఉంటే ఆ తల్లిదండ్రులు ఆ రాత్రే పిల్లవాణ్ని తీసుకుని గుంటూరుకు పరుగెత్తేవారు. ఆ కాగితాన్ని నేను పారేయలేదు. నా బల్ల సొరుగులో ఉంది.

మా తమ్ముడు ఏటీఎంలు బాగుచేసే పనిలో ఉన్నాడు. సంగతి విని, “అక్కా, నీ కంప్యూటర్ కూడా ఏటీఎం లాంటిదే. పొద్దున్నుంచి రాత్రి దాకా ఒకే పని చేస్తుంది. అలాంటిదానికి చెడ్డ ప్రోగ్రాములు ఏవో వెతుక్కుంటూ కూర్చోకూడదు. మంచివి నాలుగే ఉంటాయి కదా, ఆ నాలుగింటినే ఉండనివ్వాలి” అన్నాడు. ఏటీఎంల విషయంలో రిజర్వు బ్యాంకు 2018 జూన్‌లోనే ఇలా ఆదేశించిందట. యూఎస్‌బీ పోర్టులు మూయడం, పెన్‌డ్రైవ్ పెట్టగానే ప్రోగ్రాము దానంతట అదే నడిచే ఆటోరన్‌ను ఆపడం వంటివి ఆ ఆగస్టుకల్లా పూర్తి కావాలని, అనుమతించిన ప్రోగ్రాములు మాత్రమే నడిచే ఏర్పాటు 2019 మార్చికల్లా ఉండాలని గడువులు పెట్టింది. డబ్బు లెక్కించే యంత్రానికి అంత కట్టుదిట్టం ఉన్నప్పుడు రక్తకణాలు లెక్కించే యంత్రం పక్కన పెన్‌డ్రైవ్‌లు స్వేచ్ఛగా తిరగనిచ్చానే అని ఆ రోజు నాకు చాలా బాధ కలిగింది.

అలా మా ల్యాబులోకి వచ్చింది యూనిఫైడ్ రైట్ ఫిల్టర్. పలక మీద రాసి, పొద్దున్నే తుడిచేసినట్టు ఉంటుంది దీని పని. సీ డ్రైవ్‌ను కాపాడమని చెబితే, ఆ తర్వాత ఏ ప్రోగ్రాము దాని మీద ఏం రాసినా నిజమైన డిస్కు మీద పడదు. మెమరీలో కేటాయించిన చోట నిలుస్తుంది. దాన్ని ఓవర్‌లే అంటారు. కంప్యూటర్ మళ్లీ మొదలైతే అదంతా పోయి, మనం మొదట సిద్ధం చేసి పెట్టిన స్థితి తిరిగి వస్తుంది. పెట్టిన రోజు నేనే పరీక్షించాను. డెస్క్‌టాప్ బొమ్మ మార్చాను, రిపోర్టుల సాఫ్ట్‌వేర్ షార్ట్‌కట్‌ను తీసేశాను, ఒక ఫోల్డర్ నిండా ఫోటోలు నింపాను. రీస్టార్ట్ చేయగానే అన్నీ యథాస్థానంలో ఉన్నాయి.

కొనేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి. ఇది విడిగా అమ్మే వస్తువు కాదు, విండోస్‌లో భాగమే. కానీ హోమ్‌లో, ప్రొలో ఉండదు. ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్, ఐఓటీ ఎంటర్‌ప్రైజ్ రకాల్లో ఉంటుంది. మా పాత కంప్యూటర్‌లో ప్రొ ఉండడంతో ఫ్యాన్ లేని చిన్న పెట్టె కంప్యూటర్‌ను విండోస్ 10 ఐఓటీ ఎంటర్‌ప్రైజ్ ఎల్‌టీఎస్‌సీ 2021 అనే దీర్ఘకాల మద్దతు రకంతో తెప్పించుకున్నాను. మామూలు విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఈ రకానికి 2032 జనవరి 13 వరకు భద్రతా సవరణలు వస్తాయి. సెల్ కౌంటర్ లాంటి యంత్రం పదేళ్లు పనిచేస్తుంది. దాని పక్కనున్న కంప్యూటర్ కూడా అంతకాలం నిలవాలి. డబ్బు ఎక్కువైనా ఈ ఒక్క కారణానికే ఇది నాకు గిట్టుబాటుగా అనిపించింది. ఫిల్టర్ పెట్టే ముందు యంత్రం కంపెనీ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాను. మీరూ తీసుకోండి.

మొదటి వారం కష్టంగా గడిచింది. ఓవర్‌లేకు మొదట 1024 మెగాబైట్లే ఉంటుంది. నాలుగో రోజు మధ్యాహ్నం అది నిండి కంప్యూటర్ మొరాయించింది. రీస్టార్ట్ చేస్తే గాని కదల్లేదు. రిపోర్టుల సాఫ్ట్‌వేర్ ప్రతి పీడీఎఫ్‌కూ ఒక తాత్కాలిక ఫైలును సీ డ్రైవ్‌లో రాస్తోందని తమ్ముడు కనిపెట్టాడు. ఆ ఫోల్డర్‌ను కాపాడని డీ డ్రైవ్‌కు మార్చి, ఓవర్‌లేను 3072 మెగాబైట్లకు పెంచి, రోజూ ఉదయం ఆరింటికి దానంతట అదే రీస్టార్ట్ అయ్యేట్టు చేశాం. ఇప్పుడు రోజంతటికీ 300 మెగాబైట్లు దాటడం లేదు. కంప్యూటర్‌లో ఎనిమిది గిగాబైట్ల మెమరీ ఉంది కాబట్టి ఇది కుదిరింది. నాలుగే ఉన్నవారు ఓవర్‌లేను డిస్కు మీద పెట్టుకునే పద్ధతిని ఎంచుకోవాలి.

అంతకంటే పెద్ద పాఠం రెండో నెలలో వచ్చింది. పసిపిల్లల హిమోగ్లోబిన్ సాధారణ పరిధులను మా సీనియర్ టెక్నీషియన్ వయసుల వారీగా మార్చింది. ఒక రోజంతా కూర్చుని చేసిన పని. మర్నాడు వచ్చి, “మేడమ్, నిన్న మార్చిన విలువలు పోయాయి, పాతవే ఉన్నాయి” అంది. ఆ విలువలు సీ డ్రైవ్‌లోని సాఫ్ట్‌వేర్ ఫోల్డర్‌లో ఒక చిన్న ఫైలులో ఉంటాయి. ఫిల్టర్‌కు వైరస్ మార్పు, మనిషి మార్పు అని తేడా తెలియదు. ఉదయాన్నే రెండింటినీ తుడిచేస్తుంది. ఆమె చూడకపోతే ఎన్ని రిపోర్టులు పాత పరిధులతో వెళ్లేవో! ఆ ఫైలును మినహాయింపుల్లో చేర్చడం సులువే. కానీ అలా చేస్తే వైరస్ కూడా దాన్ని శాశ్వతంగా మార్చగలదు. అందుకని మినహాయింపు ఇవ్వలేదు. పరిధులు మార్చాలంటే ఫిల్టర్‌ను ఆపి, రీస్టార్ట్ చేసి, మార్చి, కాగితం మీద తేదీ, సంతకం పెట్టి, మళ్లీ ఫిల్టర్ మొదలుపెట్టి ఇంకోసారి రీస్టార్ట్ చేస్తున్నాం. పావుగంట పడుతుంది. పరీక్ష పరిధులు మార్చడానికి పావుగంట పట్టడం సబబే.

కరెంటు విషయంలో మాత్రం ఊహించని మేలు జరిగింది. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయిన ఒక వేసవి మధ్యాహ్నం కరెంటు మూడుసార్లు పోయింది. పాత కంప్యూటర్ అయితే ప్రతిసారీ రిపేరు తెర చూపించి కూర్చునేది. ఈ ఫిల్టర్ మొదలయ్యేటప్పుడే విండోస్‌కు అలాంటి వైఫల్యాలను పట్టించుకోవద్దని చెప్పి పెడుతుంది. పైగా సీ డ్రైవ్ మీద రాత ఏదీ సగంలో ఆగదు. మూడుసార్లూ నిమిషంలోపే లేచి పనిలో పడింది. ఇదొక్కటే చాలనిపించేంత నచ్చింది నాకు.

అయితే ఇది తలుపుకు తాళం కాదు, ఈ తేడా తెలుసుకోకుండా ఎవరూ కొనవద్దు. పగలు లోపలికి వచ్చిన మాల్వేర్, అంటే హాని చేసే ప్రోగ్రాము, మర్నాటి ఉదయం వరకు మెమరీలో హాయిగా పని చేసుకోగలదు. 2013లో అమెరికాలో టార్గెట్ దుకాణాల బిల్లింగ్ కౌంటర్లలో చేరిన మాల్వేర్ కార్డుల వివరాలను మెమరీలోంచే ఏరుకుంది. సుమారు 4 కోట్ల కార్డుల సమాచారం పోయింది. మా దగ్గర ఇంకో ముప్పు కూడా ఉంది. రిపోర్టులు కాపాడని డీ డ్రైవ్‌లో ఉంటాయి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రకం వైరస్ వస్తే సీ డ్రైవ్ ఉదయానికి శుభ్రంగా ఉంటుంది, పంతొమ్మిదేళ్లుగా దాచిన రోగుల రికార్డులు మాత్రం పోతాయి. అందుకే దీని పక్కన, అనుమతించిన ప్రోగ్రాములనే నడవనిచ్చే యాప్‌లాకర్‌ను కూడా పెట్టాం. అదీ విండోస్‌లోనే ఉంటుంది. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో, విండోస్ ఫోల్డర్‌లో ఉన్నవి తప్ప మరేదీ నడవకూడదన్నది నియమం. పెన్‌డ్రైవ్ నుంచి ఒక ఆటను నడిపి చూశాను. అడ్మినిస్ట్రేటర్ ఆపేశారన్న సందేశం వచ్చింది, లాగ్‌లో 8004 అంకెతో నమోదైంది.

యాప్‌లాకర్‌ను ఒక్కసారిగా బిగించకండి. మొదటి రెండు వారాలు కేవలం గమనించే పద్ధతిలో ఉంచాం. అప్పుడు ఏదీ ఆగదు, ఆగాల్సినవి 8003గా లాగ్‌లో పడతాయి. అందులో రిపోర్టు ముద్రణకు సాయపడే కంపెనీ ప్రోగ్రాము ఒకటి డీ డ్రైవ్ నుంచి నడుస్తోందని తెలిసింది. ముందే బిగించి ఉంటే ఆ సోమవారం మళ్లీ వచ్చేదే. దానికి మాత్రం ఫైలు హాష్, అంటే ఫైలుకు వేలిముద్ర లాంటి గుర్తు, ఆధారంగా అనుమతి ఇచ్చాం. విండోస్ ఫోల్డర్‌లోనూ మామూలు వాడుకరి రాయగల చోట్లు కొన్ని ఉన్నాయి. వాటిని ఈ అనుమతి నుంచి మినహాయించాలి. సిబ్బంది ఖాతాలకు అడ్మినిస్ట్రేటర్ హక్కులు తీసేయడం అన్నిటికంటే ముఖ్యం. ఆ హక్కు ఉన్నవారు ఒక్క ఆదేశంతో ఫిల్టర్‌నే ఆపేయగలరు.

నెలవారీ భద్రతా సవరణలు వేయడం దీనితో కాస్త శ్రమే. తాత్కాలికంగా సర్వీసింగ్ స్థితిలోకి వెళ్లి, సవరణలు వేసుకుని, మళ్లీ ఫిల్టర్‌తో లేస్తుంది. రెండో ఆదివారం సాయంత్రం ల్యాబు మూసేశాక గంటసేపు దానికే కేటాయిస్తున్నాను. బద్ధకించే ధైర్యం నాకు లేదు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్ వానాక్రై 2017 మే 12న వచ్చింది. దాన్ని ఆపే సవరణను మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చింది. వేసుకోకపోవడం వల్ల బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో వేలాది అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. నెట్‌వర్క్ మీదుగా వచ్చేదాన్ని ఈ ఫిల్టర్ అడ్డుకోలేదు.

అయిదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒక్కటి, దీన్ని అమర్చడానికి మంచి తెర లేనందుకు. అంతా ఆదేశాలు టైపు చేయాల్సిందే. తమ్ముడు లేకపోతే నేను మొదలుపెట్టేదాన్ని కాదు. ఇది చిన్న ఊళ్ల ల్యాబులకు నిజంగా పెద్ద అడ్డంకి.

రిపోర్టులు అందించే కియోస్క్‌కు కిందటి నెలలో ఇదే ఏర్పాటు చేశాం. స్కానింగ్ గది కంప్యూటర్ ఒక్కటే మిగిలింది. ఆ కంపెనీకి అనుమతి కోసం రెండు ఉత్తరాలు రాశాను. జవాబు వచ్చేవరకు దాని యూఎస్‌బీ పోర్టుల మీద టేపు అంటించి, టేపు మీద నా సంతకం పెట్టి ఉంచాను.