డోడో, జింక, చెరకు: మారిషస్ చిహ్నం వెంట

మారిషస్ జాతీయ చిహ్నంలో ఎడమ పక్క డోడో (ఇప్పుడు లేని, ఎగరలేని పక్షి), కుడి పక్క జింక, రెండింటి దగ్గరా చెరో చెరకుగడ. మధ్యలో డాలు మీద ఓడ, మూడు తాటిజాతి చెట్లు, తాళంచెవి, నక్షత్రం. హిందూ మహాసముద్రానికి తారా తాళంచెవీ మేమే అని కింద లాటిన్‌లో గొప్ప. 1906లో, ఈ దీవి బ్రిటిష్ వాళ్ళ చేతిలో ఉన్నప్పుడు, బ్రిటన్ రాజు ఎడ్వర్డ్ ఇచ్చిన చిహ్నమిది. కానీ అప్పటికే, 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక, ఆఫ్రికా చుట్టూ తిరిగి రావాల్సిన అవసరం తప్పిన ఇండియా ఓడలకు ఆ తాళంచెవితో పెద్దగా పనే లేకపోయింది! అయినా 1968లో స్వాతంత్ర్యం వచ్చాక కూడా దాన్నే ఉంచుకున్నారు.

ఇవన్నీ చూడాలంటే ఉత్తర తీరంలోని గ్రాండ్ బేలో బస చేయకండి. బీచ్ బాగుంటుంది గానీ అక్కడ మేం దిగిన హోటల్ మాట్లాడిపెట్టిన టాక్సీకి జేబు ఖాళీ అయింది. తర్వాత ఆగ్నేయ తీరంలోని మాహేబూర్‌లో ఒక చిన్న గెస్ట్‌హౌస్‌కు మారాం. ఏసీ అంతంతమాత్రం, మనుషులు మాత్రం మంచివాళ్ళు. బస్సులు చవక, కాకపోతే పొద్దుగూకితే దొరకవు.

రాజధాని పోర్ట్ లూయిస్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం చిన్నది, పాతది. అక్కడున్న డోడో అస్థిపంజరం మాత్రం అపురూపం: ఎముకలన్నీ ఒకే పక్షివి. ఏరి తెచ్చినవాడు తిరియూ అనే మంగలి. మాహేబూర్ దగ్గరి ఇల్ ఓ ఎగ్రెట్ దీవిలో డోడో కంచు విగ్రహమూ, బతికున్న గులాబీ పావురాలూ, పెద్ద తాబేళ్ళూ కనిపిస్తాయి. గైడు లేకుండా పోనివ్వరు, అదే మంచిది. మా ఓటు దీనికే.

జింకనూ చెరకునూ 1639లో జావా నుంచి తెచ్చింది డచ్చివాళ్ళే. వాళ్ళ కాలంలోనే డోడో అంతరించింది. జింకలు మాత్రం ఎంతగా పెరిగాయంటే ఇప్పుడు హోటళ్ళలో వాటి కూర వండి పెడుతున్నారు. పాంప్లెమూస్ దగ్గర పాత చక్కెర ఫ్యాక్టరీని మ్యూజియం చేశారు. చివర్లో రకరకాల చక్కెరలు రుచి చూపిస్తారు. పిల్లలుంటే తప్పక వెళ్ళండి.

చిహ్నంలో చెరకు ఉంది, నరికిన కూలీ లేడు. అతని కోసం పోర్ట్ లూయిస్ రేవులో, కూలీలు ఓడ దిగిన ఆప్రవాసీ ఘాట్‌కు వెళ్ళాలి. 1834 నుంచి వచ్చిన ఒప్పంద కూలీల్లో మన కోరంగి రేవులో ఓడెక్కినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ వారసుల వల్లే ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. ఉగాది రోజుల్లో వెళ్తే మ్యూజియంలు తెరుస్తారో లేదో ముందే కనుక్కోండి.