టైల్స్ లెవలింగ్ క్లిప్పులు: మూడేళ్ళు వాడాక చెబుతున్నా

కావలిలో ఒక మేస్త్రీ కింద ఆరేళ్ళు చేసి, మూడేళ్ళ కింద ఉగాది వెళ్ళాక నెల్లూరు వచ్చి సొంతంగా టైల్స్ పని మొదలుపెట్టా. మనుషులంటే నేను, మా బామ్మర్ది, అంతే. అప్పటి నుంచి ఈ క్లిప్పులూ వెడ్జిలూ వాడుతున్నా, అంటే పక్కపక్క టైల్స్ అంచులు ఒకే ఎత్తుకి తెచ్చే ప్లాస్టిక్ ముక్కలు. కొత్తగా సొంతంగా దిగే కుర్రాళ్ళు చాలామంది అడుగుతున్నారు, ఇవి కొంటే పని స్పీడు అవుతుందా, క్వాలిటీ వస్తుందా అని. రెండు మూడు కంపెనీలవి వాడా, పేర్లు చెప్పను, ప్లాస్టిక్కు అంతా ఇంచుమించు ఒకటే.

మేస్త్రీ దగ్గర ఉన్నప్పుడు నాకు స్పీడు చెయ్యి అని పేరు. మాలు (సిమెంటు, ఇసుక కలిపింది) పరిచి, సిమెంట్ పాలు పోసి, 2x2 అడుగుల టైల్స్ రోజుకు 200 చదరపు అడుగులు లాగేసేవాణ్ణి. అదే పొగరుతో కోవూరులో నా మొదటి ఇల్లు ఒప్పుకున్నా. హాలు 4x2 టైల్స్, పైగా ఇంటాయన ఫోన్‌లో ఏదో ఫొటో చూపించి ఇటుకల వరసలాగా సగం సగం జరిపి వెయ్యమన్నాడు. వేసేశా. పొడుగు టైల్ బట్టీలోంచి వచ్చేటప్పటికే నడుములో రవ్వంత ఉబ్బి ఉంటుంది, సగానికి జరిపితే ఒకదాని ఉబ్బు పక్కదాని మూలకు సరిగ్గా ఎదురొస్తుంది, మెట్టు పడకుండా ఎట్లా ఉంటుంది? మూడో వంతు జరపాలని అప్పుడు తెలియలేదు. చూపుకు తెలియలేదు కానీ ఆయన తల్లి కాళ్ళు ఈడ్చుకుంటా నడిచే మనిషి, రెండో రోజే "వేలికి తగలతా ఉండాది అబ్బయ్యా" అంది. తొమ్మిది టైల్స్ పగలగొట్టా. కొత్తవి నా డబ్బుతోనే తెచ్చా, అదే షేడు, అదే బ్యాచ్ నంబరు ఉన్న పెట్టె కోసం షాపుల చుట్టూ రెండు రోజులు తిరిగా. మూడు రోజుల్లో అయిందన్న హాలు వారం పట్టింది. ఆ టెన్షన్‌లో కొన్నా ఈ క్లిప్పులు.

తెలియనివాళ్ళకి ఒక మాట. క్లిప్పు పాదం టైల్ అంచు కిందికి పోతుంది, పైన కిటికీ లాంటి బొక్కలో వెడ్జి దూర్చి బిగిస్తే ఎత్తు టైల్ కిందికి, పల్లం టైల్ పైకి వచ్చి రెండంచులూ సమానమవుతాయి. మర్నాడు తంతే క్లిప్పు మెడ దగ్గర విరుగుతుంది, పాదం లోపలే ఉండిపోతుంది. వెడ్జి మళ్ళీ వాడుకోవచ్చు, క్లిప్పు పోయినట్టే.

ఇప్పుడు అసలు దెబ్బ. రెండో ఇల్లు వేదాయపాలెంలో, రిటైరైన మాస్టారిది. క్లిప్పులు కొత్త, నాకు ఉత్సాహం. మాలు మీదే టైల్ వేసి, సరిగ్గా కూర్చోకపోయినా ఏముందిలే క్లిప్పు లాగుతుందిగా అని సుత్తి దెబ్బలు తగ్గించేశా. పైకి అద్దంలాగా వచ్చింది ఫ్లోరు. నేనే రెండు ఫొటోలు తీసుకున్నా. గ్రౌటింగ్, అంటే టైల్స్ సందులు పూడ్చడం, మొదలుపెట్టేలోపు మాస్టారు చేతికర్ర పట్టుకుని వచ్చారు. ఏమీ మాట్లాడకుండా ఒక్కో టైల్ మీద నాలుగు మూలలా, మధ్యలో ఒకసారి కర్రతో కొట్టుకుంటా పోతున్నారు. టక్, టక్, టక్. తలుపు పక్కన మూడో వరసలో డబ్ అంది. ఆయన నా వైపు చూడను కూడా చూడలేదు, జేబులోంచి సుద్దముక్క తీసి, వంగలేక బామ్మర్ది చేతికిచ్చి, "ఈడ వేరేగా పలకతా ఉండాది, ఒక సున్నా చుట్టు నాయనా" అన్నారు. అట్లా హాలంతా తిరిగేసరికి పదకొండు సున్నాలు. పేపర్లు దిద్దినట్టే.

పల్లంగా ఉన్న టైల్‌ను క్లిప్పు పైకి లాగుతుంది, నిజమే. మరి దాని కింద మాలు కూడా లేస్తుందా? లేవదు. ఆ సందు గుల్ల అయిపోతుంది. పైకి బాగుంది కదా అనుకుంటాం, రేపు దాని మీద గ్యాస్ సిలిండర్ దింపితే మూల ఎగిరిపోతుంది. ఈ క్లిప్పులు గమ్ము (నీళ్ళు కలిపి వాడే టైల్స్ జిగురు పొడి) మీద పలచగా వేసే పనికి చేసినవి, మందంగా మాలు పరిచి వేసే పనికి కావు. దీన్ని నాకు అమ్మిన షాపులో ఎవరూ చెప్పలేదు, అడగాలని నాకూ తోచలేదు.

అప్పటి నుంచి 4x2 ఒప్పుకుంటే గమ్ముతోనే అని ముందే చెబుతున్నా. విట్రిఫైడ్ టైల్ నీళ్ళు పీల్చదు, అర శాతం కూడా తాగదు, అందుకే ఒట్టి సిమెంట్ పాలు దాని వీపుకి గట్టిగా పట్టదు. గమ్ము సంచి మీద ఐఎస్ 15477 అని (టైల్స్ గమ్ముకి మన దేశ ప్రమాణం నంబరు), ఏ టైపో రాసి ఉంటుంది, అది చూసి కొనండి, షాపువాడు ఏదిస్తే అది తెచ్చుకోకండి. ముందు కింద మాలుతో లెవల్ చేసి, ఆరనిచ్చి, తర్వాత పళ్ళ తాపీతో గమ్ము గీసి, టైల్ వీపుకి కూడా పలచగా పూసి కూర్చోబెట్టాలి. 20 కిలోల సంచి మీద ఎన్ని అడుగులని రాసినా ఈ పద్ధతిలో నాకు 40 అడుగులకు మించి రాలేదు. మొదటి పది టైల్స్‌లో ఒకదాన్ని వెంటనే ఊడదీసి వీపు చూస్తా, మూలల దాకా గమ్ము అంటితేనే ముందుకు. ఇంటివాళ్ళు "వేసింది మళ్ళీ తీస్తావేంది" అంటారు. అననీ.

మన ఎండల సంగతి వేరే చెప్పాలా, రోహిణి కార్తెలో కిటికీలు బిగించని ఇంట్లో గమ్ము గీసి ఫోన్ మాట్లాడి వచ్చేలోపు పైన పొర కట్టేస్తుంది. వేలు పెట్టి చూడండి, అంటకపోతే గీకి పారెయ్యాల్సిందే, మళ్ళీ నీళ్ళు కొట్టి వాడొద్దు. ఎండాకాలం నేను ఒకేసారి రెండు టైల్స్‌కి మించి గియ్యను.

స్పీడు సంగతికి వస్తే, మొదట్లో క్లిప్పులతో రోజుకు 110 అడుగులు దాటేది కాదు, బామ్మర్ది "బావా, ఇట్లయితే మనకి కూలి కూడా గిట్టదు" అని గొణిగేవాడు. ఇప్పుడు 160 దాకా వస్తున్నా. పాత 200 మాత్రం రాలేదు, రాదు కూడా. కానీ ఆ 200 అడుగులు లాగిన రోజుల్లో వెనక్కి పోయి లేపి వేసినవి నేనెప్పుడూ లెక్కేసుకోలేదు, ఎందుకంటే అప్పుడు ఆ నష్టం మేస్త్రీది. ఇప్పుడు రోజూ చివరి గంట కొత్త టైల్ వెయ్యను, వేసినవాటిని మాస్టారులాగే కట్టెతో కొట్టి చూస్తా, జాయింట్లలో పొంగిన గమ్ము తీసేస్తా. ఆ గమ్ము తీయకపోతే మర్నాడు క్లిప్పు మెడ దగ్గర విరగదు, పైన విరిగి ముక్క జాయింట్‌లో నిలబడిపోతుంది, దాన్ని బ్లేడుతో గీకుతా కూర్చోవాలి. తన్నేటప్పుడు జాయింట్ వెంబడి తన్నాలి. అడ్డంగా తంతే అంచు పెచ్చు లేస్తుంది, నేను రెండు పోగొట్టా.

ఖర్చు చెప్తా. 2x2 కి అడుగుకి సుమారు ఒక క్లిప్పు పడుతుంది, 4x2 కి కొంచెం తక్కువ. నేను కొనేది రూపాయిన్నర నుంచి రెండు రూపాయలు. వెయ్యి అడుగుల ఇంటికి రెండు వేలు మన జేబులోంచి పోతే మిగిలేదేమీ ఉండదు, అందుకే గుత్త మాట్లాడేటప్పుడే క్లిప్పులు, గమ్ము మీవి అని తేల్చేసుకోండి. మొహమాటపడితే పోయేది మనమే. పక్క మేస్త్రీ అడుగుకి ఐదు రూపాయలు తక్కువకు చేస్తానన్నాడని రెండు ఇళ్ళు చెయ్యి జారాయి, ఒకటి మాత్రం నాకే తిరిగొచ్చింది.

అన్నిటికీ వాడతానా అంటే, లేదు. బాత్రూం ఫ్లోరుకి అస్సలు వద్దు, నీళ్ళు ట్రాప్ (నీళ్ళు దిగే బొక్క) వైపు పోవాలంటే వాటం తిరిగే చోట టైల్స్ మడత పడాలి, క్లిప్పు దాన్ని చదును చేస్తానంటుంది. అద్దెకిచ్చే ఫ్లాట్లు, 2x2, మాలు పని అయితే పాత పద్ధతే, దారం, రసమట్టం, రబ్బరు సుత్తి. టైల్ మరీ వంకరదైతే కూడా క్లిప్పుని నమ్మకండి. పెట్టె విప్పగానే రెండు టైల్స్ ముఖాముఖి పెట్టి సందు చూడండి, ఎక్కువ ఉంటే ఇంటివాళ్ళకి అప్పుడే చూపించండి, వేశాక చూపిస్తే తప్పు మనదే అవుతుంది.

ఇంకో చికాకు, ఇంటికొక బస్తా ప్లాస్టిక్ ముక్కలు. ఎవరూ తీసుకోరు. వెడ్జిలైతే సాయంత్రమే నీళ్ళ బకెట్‌లో వెయ్యాలి, గమ్ము ఎండితే జారవు. 300 కొన్నా, మూడేళ్ళలో సగం పోయాయి, విరిగినవాటికంటే ఇసుకలో, పిల్లల చేతుల్లో పోయినవే ఎక్కువ.

మళ్ళీ వెడ్జిలు కొనేటప్పుడు పాత క్లిప్పు ఒకటి జేబులో వేసుకుని పోండి, అన్ని కంపెనీలవీ ఒకదాంట్లో ఒకటి పట్టవు. నేను చూసుకోకుండా తెచ్చిన 200 మా ఇంట్లో అటక మీద ఉన్నాయి, ఎవరికైనా సరిపోతే వచ్చి తీసుకుపోండి.