ఒకే కేసు, ఇద్దరు అక్కాచెల్లెళ్లు, రెండు జైలు దారులు

1916 అక్టోబర్‌లో బ్రూక్లిన్‌లోని బ్రౌన్స్‌విల్‌లో మార్గరెట్ శాంగర్, ఆమె చెల్లెలు ఎథెల్ బర్న్ అమెరికాలో మొదటి గర్భనిరోధక క్లినిక్ తెరిచారు. ఇద్దరూ నర్సులే. ఫీజు 10 సెంట్లు. గర్భనిరోధకం గురించి చెప్పడం అప్పటి చట్టం ప్రకారం నేరం. అందుకే కొద్ది రోజుల్లోనే పోలీసులు క్లినిక్ మూసేశారు. ఇద్దరికీ పడింది అదే 30 రోజుల శిక్ష.

ముందు వెళ్లింది ఎథెల్, 1917 జనవరిలో. జైల్లో అన్నపానీయాలు మానేసింది. అధికారులు గొట్టంతో బలవంతంగా ఆహారం ఎక్కించారు. ఆ వార్త పత్రికల మొదటి పేజీలకెక్కింది. అప్పటిదాకా బయట మాట్లాడడానికే సిగ్గుపడిన విషయం ఇంటింటి చర్చ అయింది. ఆమె ప్రాణం మీదకి రావడంతో, చెల్లెలు ఇక చట్టం మీరదని అక్కే మాటిచ్చింది. గవర్నర్ క్షమాభిక్షతో ఎథెల్ బయటికొచ్చింది. తర్వాత ఉద్యమంలో ఆమె పేరు పెద్దగా వినిపించలేదు. నాకు ఇది అన్యాయంగానే తోస్తుంది.

మార్గరెట్‌కి కోర్టు ఒక దారి చూపింది: చట్టానికి లోబడతానంటే శిక్ష ఉండదు. ఒప్పుకోలేదు. నిరాహారదీక్ష చేయకుండా శిక్ష పూర్తి చేసింది, వేలిముద్రలు మాత్రం ఇవ్వలేదు. అప్పీలు వదల్లేదు. 1918లో శిక్ష రద్దు కాలేదు గానీ, జబ్బు నయం చేయడానికో, రాకుండా ఆపడానికో డాక్టర్లు గర్భనిరోధకాలు సూచించవచ్చని న్యూయార్క్ అప్పీలు కోర్టు చెప్పింది.

చట్టంలో సందు చేసింది అక్క అప్పీలే. కానీ జనాన్ని కదిలించింది చెల్లెలి ఆకలి.