అష్టపరిష్కారాల సెట్: పాత్ర మేలు, సంఘాటి దండగ

బెంగళూరు చిక్కపేట వైపు ఒక పూజాసామాన్ల కొట్లో అమ్ముతున్న సెట్ ఇది, బౌద్ధ భిక్షువు దగ్గర ఉండాల్సిన ఎనిమిది వస్తువులది, 2,400 రూపాయలు. సంఘదానానికి, అంటే భిక్షుసంఘానికి ఇచ్చే దానానికి, కావలసినవన్నీ ఒకేచోట దొరుకుతాయి కదా అని కొనేస్తారు. మూడు చీవరాలు (భిక్షువు వేసుకునే వస్త్రాలు), భిక్షాపాత్ర, నడికట్టు, మంగలికత్తి, సూది, నీళ్లు వడగట్టే గుడ్డ: లెక్కకి ఎనిమిదీ ఉన్నాయి. ఐదుకి రెండు మార్కులు, అవీ పాత్రకే.

పాత్ర స్టీలుది, మందంగా ఉంది, అంచు కోసుకోదు. వినయం, అంటే భిక్షువుల నియమావళి, ఒప్పుకునేవి ఇనుప, మట్టి పాత్రలే. స్టీలు ఇనుము కిందికే వస్తుంది కాబట్టి పేచీ లేదు. మెరుస్తోంది కదా అని రాగిదో కంచుదో కొనకండి, పనికిరాదు.

గొడవంతా చీవరాలతోనే. కింద కట్టేది, పైన కప్పేది పాలియెస్టర్ కలిసిన బట్ట, ఎండాకాలం ఉక్కపోస్తుంది. అదైనా సర్దుకోవచ్చు. మూడోదైన సంఘాటి మాత్రం రెండు పొరలు కలిపి కుట్టాలి, చలికి అదే దుప్పటి. ఇందులో ఒంటిపొర గుడ్డనే మడిచి పిన్నులు గుచ్చారు. ప్యాకెట్లో దళసరిగా కనిపిస్తుంది, విప్పితే తేలిపోతుంది. మగధ వరిమడులు చూసి బుద్ధుడి శిష్యుడు ఆనందుడు రూపు కట్టిన చీవరంలో గుడ్డను ముక్కలు కోసి కుట్టాలి. కోసిన గుడ్డ మీద ఎవరికీ ఆశ పుట్టదనే ఆ నియమం. ఇక్కడ కోతే లేదు, ఉత్త మిషన్ గీతలు. రంగు కూడా దిగుతోంది. ఎక్కడ కొన్నా ఓ మూల తడిపి తెల్లగుడ్డతో రుద్ది చూసుకోండి.

వడగట్టే గుడ్డకి టీ జల్లెడంత కంతలు. నీళ్లలో పురుగులు చావకూడదని పెట్టిన వస్తువు, వీటిలోంచి అవి హాయిగా ఈదుకుంటూ పోతాయి. దగ్గర నేత మల్లుగుడ్డ రెండు మడతలు వేసి పెడితే సరి.

అడుగున బరువు కోసం బిస్కట్లు, పాలపొడి కూరారు. మధ్యాహ్నం దాటాక భిక్షువులు తిండి తినరు. పౌర్ణమి సాయంత్రం పూజకి పట్టుకెళ్లేవాళ్లు వాటిని ముందే తీసేయాలి.

ఇచ్చేటప్పుడు సెల్లోఫేన్ విప్పి, రెండున్నర మూరల లోపు నిలబడి చేతికి అందివ్వాలి. ఒక్క భిక్షువు పేరున కాకుండా సంఘానికని చెప్పండి. బుద్ధుణ్ణి పెంచిన తల్లి మహాప్రజాపతి గౌతమి తన చేత్తో నేసిన బట్టలు తెస్తే బుద్ధుడు సంఘానికి ఇమ్మన్నాడని దక్ఖిణావిభంగ సుత్తం చెబుతుంది. పోయినవాళ్లకి పుణ్యం ధారపోయాలంటే ‘ఇదం మే ఞాతీనం హోతు’ (ఇది నా బంధువులకు చెందుగాక) అంటూ చెంబుతో పళ్లెంలోకి సన్నధారగా నీళ్లు వదలాలి.

పాత్ర విడిగా కొనుక్కుని, సంఘాటికి నూలుబట్ట తీసి కుట్టించుకోవడం నయం. అంతకంటే ముందు గాంధీనగర్ మహాబోధి సొసైటీ లాంటి విహారంలో ఇప్పుడేం తక్కువగా ఉందో కనుక్కోండి. చీవరాలు కాక మందులే కావాలనవచ్చు, అవీ భిక్షువు నాలుగు అవసరాల్లోవే.