టోస్కా ఎందులో వినాలి: రికార్డా, సీడీనా, ఫోనా?

మొన్న ఆదివారం దేవరకొండ నుంచి మా చిన్నమ్మ కొడుకు వచ్చాడు. చాయ్ సగం కూడా తాగకముందే అసలు సంగతి బయటపెట్టాడు. "అన్నా, రాత్రిపూట నువ్వు ఒపేరాలు వింటవంట గదా, నేను గూడ మొదలువెడ్త, రికార్డు ప్లేయర్ ఏది కొనాలె?" ఏది కొనాలి అన్నాడే గాని, కొనాలా వద్దా అని అడగలేదు. నల్ల రికార్డు తిరుగుతుంటే పక్కన ఎవరో కాఫీ తాగుతూ కళ్ళు మూసుకున్న వీడియో చూశాడట, నలభై వేలు తీసి పక్కన పెట్టాడట. ఆ డబ్బులు అక్కడే ఉండనియ్యి తమ్మీ అన్నాను. ఎందుకన్నానో చెప్పేసరికి ఇంకో రెండు చాయ్‌లు అయ్యాయి, అయినా సగమే చెప్పగలిగాను, మిగతాది కూడా కలిపి ఇక్కడ రాస్తున్నా.

ఒపేరా అంటే మనకు కొత్తదేం కాదు. మా తాత భాగోతంలో మద్దెల వాయించేవాడు. రాత్రి తొమ్మిదింటికి మొదలైతే తెల్లారేదాకా కథంతా పాటలోనే నడిచేది, రాజు కోపం పాటే, రాణి ఏడుపు పాటే. ఒపేరా కూడా అంతే, కాకపోతే హార్మోనియం, మద్దెల ఉండే చోట అరవై డెబ్బై మంది వాద్యగాళ్ళు ఉంటారు, ముందు మైకు ఉండదు. 2020 లాక్‌డౌన్‌లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరా వాళ్ళు మార్చి 16 నుంచి రోజుకొకటి ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టారు, నాకు పిచ్చి పట్టింది అప్పుడే. మా ఇంటామెకి పట్టలేదు. "ఎవరో పోయినట్టు గట్ల ఏడుస్తదేంది ఆమె" అని తలుపు వేసుకుని పడుకునేది. నిజానికి చాలాసార్లు అక్కడ ఎవరో ఒకరు పోతూనే ఉంటారు.

దేన్ని పరీక్షించాలన్నా నేను టోస్కా అనే ఒపేరా పెడతాను. ఇటలీ సంగీతకారుడు పుచ్చీని రాసింది, 1900 జనవరిలో రోమ్‌లో మొదటిసారి ఆడారు, సంగీతం రెండు గంటల లోపే. కీచకవధ చూసినవాళ్ళకి ఇందులో స్కార్పియా అనే పోలీసు పెద్దను పరిచయం చెయ్యనక్కర్లేదు, కాకపోతే ఇక్కడ భీముడు లేడు, కత్తి నాయిక టోస్కానే పట్టుకుంటుంది. నా దగ్గరున్నది 1953లో మిలాన్‌లోని లా స్కాలా ఒపేరా హాల్లో మరియా కల్లాస్ పాడగా విక్టర్ డి సబాటా ఆర్కెస్ట్రాను నడిపించింది. అది మోనో రికార్డింగ్, అంటే ఎడమ కుడి తేడానే లేదు, అయినా ఇప్పటికీ దాన్ని మించింది లేదనేవాళ్ళు చాలామంది, నేనూ ఆ గుంపులోనే ఉన్నా.

పరీక్ష ఎలాగంటే, మొదలే మూడు పెద్ద దెబ్బలు, ఇత్తడి బూరలతో ఆర్కెస్ట్రా మొత్తం ఒకేసారి విరుచుకుపడుతుంది. మూడో అంకం మొదట్లో మాత్రం తెల్లవారుజామున ఎక్కడో దూరంగా ఒక గొల్లపిల్లవాడు పాడుతూ పోతుంటాడు, మందగంటలు మెల్లగా వినిపిస్తాయి, తర్వాత రోమ్ చర్చి గంటలు ఒక్కొక్కటే లేస్తాయి. ఆ అంకం చివరికి తుపాకులు పేలతాయి. ఈ మూడూ ఒకే వాల్యూమ్‌లో, నాబు ముట్టుకోకుండా వినగలిగితే ఆ పరికరం పాసైనట్టు.

బ్లూటూత్ డబ్బా మీద ఇది పాస్ కాదు. నేను ఏడాదిపాటు దాంతోనే విన్నా కాబట్టి తెలిసే చెబుతున్నా. పైన ఫ్యాన్ తిరుగుతుంటే గొల్లపిల్లవాడు వినపడడు, సౌండ్ పెంచుతాం, పెంచిన సంగతి మర్చిపోతాం, తుపాకులు పేలేసరికి నల్లగొండ రామగిరిలో మా వాడకట్టంతా లేస్తుంది. సినిమా పాట మొదటి నుంచి చివరి దాకా దాదాపు ఒకే ఎత్తులో ఉండేలా చేస్తారు, అందుకే ఆటోలో పెట్టినా వినపడుతుంది. ఒపేరా రికార్డింగ్‌లో గుసగుస గుసగుసలాగే ఉంటుంది, ఉరుము ఉరుములాగే ఉంటుంది.

చిన్న డబ్బాలకు ఇంకో లోటు, కింది స్వరాలు. వాగ్నర్ రాసిన రైన్‌గోల్డ్ అనే ఒపేరా మొదట్లో డబుల్ బాస్‌లు, అంటే మనిషెత్తు వయొలిన్లు అనుకోండి, సెకనుకు దాదాపు 40 కంపనాల దగ్గర ఒకే స్వరాన్ని పట్టుకుని ఉంటాయి, చాలా మెల్లగా. మొదటిసారి ఫోన్‌లో పెడితే ఏమీ వినపడక, నెట్ పోయిందేమోనని మూడుసార్లు ఆపి మళ్ళీ పెట్టాను. తర్వాత వైరున్న ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే తెలిసింది, అది మొదలయ్యి ఎప్పుడో అయిందని. కాబట్టి తప్పు ఫోన్‌ది కాదు, ఫోన్ నోటిది. అదే ఫోన్‌కి వెయ్యి పన్నెండొందల్లో వైరున్న మంచి ఇయర్‌ఫోన్లు తగిలిస్తే సగం సమస్య పోతుంది. ఈ మధ్య ఫోన్లకు ఆ గుండ్రటి రంధ్రమే ఉండట్లేదు, చార్జింగ్ రంధ్రంలో పెట్టే చిన్న అడాప్టర్ కొనుక్కోవాలి.

ఫోన్‌ని తిట్టడం నా ఉద్దేశం కాదు. నల్లగొండలో కూర్చున్నవాడికి వెతుక్కుని వినడానికి ఇంతకంటే మంచిది ఎప్పుడూ రాలేదు. ఒక్క టోస్కావే లెక్కపెట్టలేనన్ని రికార్డింగ్‌లు దొరుకుతాయి, పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి పోల్చుకుని వినొచ్చు, నచ్చకపోతే పైసా పోదు. మామూలు యాప్‌లో మాత్రం వెతకడమే యుద్ధం, పాట పేరు కొడితే ముక్కలు ముక్కలుగా వస్తాయి, ఎవరు నడిపించారో ఏ ఏడాదిదో ఉండదు. యాపిల్ వాళ్ళు 2023లో దీనికోసమే విడిగా క్లాసికల్ యాప్ తెచ్చారు, ఆండ్రాయిడ్‌లోనూ ఉంది, అందులో కండక్టర్, అంటే ఆర్కెస్ట్రాను నడిపించే మనిషి పేరుతో వెతకొచ్చు. ఉచితంగా వినే యాప్‌లతో వేరే బాధ. టోస్కా, చచ్చిన స్కార్పియా తల దగ్గర కొవ్వొత్తులు పెడుతుంటే, ఆ నిశ్శబ్దంలో, సబ్బు అడ్వర్టైజ్‌మెంట్ వచ్చింది నాకు. నెల చందా కట్టడం ఆ రోజు నుంచే.

ఫోన్‌లో వినేవాళ్ళు సెట్టింగ్స్‌లో రెండు ఆపేయాలి. వాల్యూమ్ నార్మలైజేషన్ ఉంటే తీసేయండి, రికార్డింగ్‌ల మధ్య ఉండాల్సిన ఎక్కువ తక్కువలను అది సరిచేస్తానంటుంది, మనకు ఆ సహాయం వద్దు. ఒక ట్రాక్ చివరిని ఇంకో ట్రాక్ మొదలుతో కలిపేసే క్రాస్‌ఫేడ్ కూడా తీసేయండి. ఒపేరాలో ఒక ట్రాక్ అయిపోయి ఇంకోటి మొదలైనా సంగీతం ఆగదు, ట్రాకులు మనం వెతుక్కోడానికి కోసుకున్నవి మాత్రమే. పాత ఎంపీత్రీలైతే అతుకు దగ్గర చిన్న ఖాళీ కూడా వస్తుంది, పాడుతున్న మనిషికి ఎక్కిళ్ళు వచ్చినట్టుంటుంది. డేటా సంగతి కూడా చూసుకోవాలి, సెకనుకు 320 కిలోబిట్ల పాట గంటకు 144 ఎంబీ తింటుంది, సీడీ నాణ్యత ఏమీ కుదించకపోతే 635 ఎంబీ దాకా పోతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్‌లో వేరే వాడకం పోను మిగిలినదాంతో పెద్ద నాణ్యత పెడితే మూడో అంకం మధ్యలో చక్రం తిరుగుతూ ఉంటుంది.

ఇక మా తమ్ముడి నల్ల రికార్డు. అందంగా ఉంటుంది, కవర్ అట్ట పెద్దది, లోపల పాటల పుస్తకం ఉంటుంది, ముల్లు దింపడంలో ఒక పూజలాంటి తృప్తి ఉంటుంది. కాదనను. కానీ ఒపేరాకి అది సుఖం కాదు. ఒక వైపు ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. ఇందాక చెప్పిన రైన్‌గోల్డ్ రెండున్నర గంటలు ఆపకుండా ఆడాల్సింది, 1958లో షోల్టీ అనే కండక్టర్ వియన్నాలో రికార్డు చేసినప్పుడు మూడు ఎల్పీల్లో, అంటే ఈ నల్ల రికార్డుల్లోనే, ఆరు వైపుల్లో వచ్చింది. ఇరవై నిమిషాలకోసారి లేచి తిప్పుతుంటే కథలో ఎక్కడ మునుగుతాం? ఇంకోటి, ముల్లు లోపలి గాడుల్లోకి పోయేకొద్దీ చుట్టు చిన్నదవుతుంది, అదే సమయంలో తక్కువ చోటులో అంతే సంగీతం ఇరికించాలి, అందుకని చివర్లో స్వరం చిట్లుతుంది. ఒపేరాలో అంకం చివరనేగా అసలు గొంతు విప్పేది!

మన ఎండల సంగతి వేరే చెప్పాలా. మే నెలలో 44 డిగ్రీలుండే ఊళ్ళో రికార్డును కిటికీ దగ్గర మర్చిపోతే అప్పడం అవుతుంది. నాకున్నవి నాలుగే ఎల్పీలు, అందులో ఒకటి పార్శిల్‌లోనే వంగి వచ్చింది. అమ్మినతన్ని అడిగితే బరువు పెట్టి రెండ్రోజులు ఉంచమన్నాడు. పచ్చడి రోలు పెట్టాను. తిరుగుతుంది గాని ముల్లు గుర్రమెక్కినట్టు ఎగురుతుంది. అలవాటున్నవాళ్ళు, పాత రికార్డులు ఇంట్లో వారసత్వంగా ఉన్నవాళ్ళు వింటే సంతోషమే, కొత్తగా మొదలుపెట్టేవాడు మాత్రం నలభై వేలు దీనికి పెట్టొద్దు.

నా ఓటు సీడీకి. నవ్వుకోండి, ఎవరి దగ్గరా లేవిప్పుడు. అందుకే చవక. 1982లో బజారులోకి వచ్చిన ఈ పళ్ళెం ఒక్కోటి 74 నుంచి 80 నిమిషాలు పడుతుంది, టోస్కా రెండింటిలో అయిపోతుంది, ఒకే ఒక్కసారి లేవాలి, అదీ అంకానికి అంకానికి మధ్య చూసుకుని లేవచ్చు. గరగర లేదు, అడ్వర్టైజ్‌మెంట్ లేదు, నెట్ అక్కర్లేదు. మెల్లని చోటికి, పెద్ద చోటికి మధ్య తేడా కుదించకుండా ఇవ్వగలదు. ప్లేయర్ కొనక్కర్లేదు కూడా, చాలా ఇళ్ళల్లో టీవీ కింద దుమ్ము పట్టిన డీవీడీ ప్లేయర్ ఉంటుంది చూడండి, అది సీడీలను చక్కగా చదువుతుంది. వెనక ఎరుపు తెలుపు పిన్నుల వైరు తీసి ఆంప్లిఫయర్‌కి పెట్టడమే. నేను అదే వాడుతున్నా. సీడీలు కొన్ని ఆన్‌లైన్‌లో పాతవి కొన్నా, కొన్ని హైదరాబాద్ పోయినప్పుడు ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల మధ్య దొరికాయి. సీడీ మీద మోజు లేకపోతే కుదించని ఫైళ్ళను ల్యాప్‌టాప్‌లో పెట్టి వైరుతో వినండి, చెవికి రెండూ ఒకటే.

అయితే మొట్టమొదటిసారి వినేవాడు సీడీతో మొదలుపెట్టొద్దు, అక్కడే చాలామంది పారిపోయేది. ఇటాలియన్ మనకు రాదు, ఎవరు ఎవరిమీద అరుస్తున్నారో తెలియదు. ఒకసారి వీడియో చూడాలి, కింద ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో. యూరప్ ఒపేరా హాళ్ళు కలిసి నడిపే ఒపేరావిజన్‌లో ఉచితంగానే ఉంటాయి, టీవీకి పెట్టుకోవచ్చు. ఇంగ్లీషు చదవడం కష్టమైన పెద్దవాళ్ళకు ముందే కథ చెప్పేస్తే చాలు, భాగోతానికి కథ తెలియకుండా ఎవరు పోయారు గనక? కథ తెలిశాక కళ్ళు మూసుకుని వినడంలో ఉన్నంత, చూడటంలో ఉండదు. ఇది నా లెక్క, మా అమ్మాయి ఒప్పుకోదు.

మన కచేరీల విషయానికొస్తే ఈ తూకమంతా తిరగబడుతుంది. ఒక గొంతు, ఒక వయొలిన్, మృదంగం, వెనక తంబురా. మెల్లన, గట్టి మధ్య ఆర్కెస్ట్రాకున్నంత దూరం లేదు. అందుకే రేడియోలో విన్నా, గరగరలాడే పాత క్యాసెట్‌లో విన్నా కల్యాణి కల్యాణిగానే వచ్చేది. ఆకాశవాణి 2016లో మొదలుపెట్టిన 'రాగం' ఛానల్ ఫోన్‌లో పెట్టుకుని బ్లూటూత్ డబ్బాలో వింటూ వంట చేసుకోవచ్చు, ఏమీ పోదు. పద్యనాటకమూ అంతే, గొంతే ప్రాణం. మా నాన్న భాగోతాలు రికార్డు చేసిన క్యాసెట్లు ఒక రేకు పెట్టె నిండా ఉన్నాయి, నలభై అయిదు నిమిషాలకు వైపు అయిపోయి రాగం మధ్యలో తెగిపోతుంది, బ్యాటరీలు దిగిన చోట రాజు గొంతు సన్నబడుతుంది. బ్యాటరీ తగ్గితే రికార్డయ్యేటప్పుడు టేపు మెల్లగా నడుస్తుంది, దాన్ని మామూలు వేగంతో వేస్తే ఇలా అవుతుంది. ఇవి ఇంకెక్కడా దొరకవు కాబట్టి వీటికి పోటీ అన్న మాటే లేదు. టేప్ రికార్డర్ ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి ల్యాప్‌టాప్‌కి వైరు పెట్టి, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తున్నా, పదకొండు అయ్యాయి.

ఇన్ని చెప్పి గది మాట మర్చిపోతే లాభం లేదు. మన ఇళ్ళు కింద షాబాద్ బండలు, పైన స్లాబు, నాలుగు వైపులా సున్నం గోడలు. చప్పట్లు కొడితే టంగుమంటుంది, అందులో ఆర్కెస్ట్రా పెడితే బావిలో పెళ్ళి మేళం. కింద ఒక బొంత, కిటికీకి మందం పరదా వేస్తే పది వేల స్పీకర్ ఇరవై వేలదిలా పాడుతుంది. స్పీకర్లు రెండూ చెవి ఎత్తులో, గోడ మూలకు దూరంగా, మన కుర్చీతో కలిపి త్రికోణం అయ్యేలా ఉండాలి. ఎండాకాలం కూలర్ ఉన్నంతసేపు ఏ స్పీకరూ ఏమీ చెయ్యలేదు, నేను అప్పుడు తెల్లవారుజామున నాలుగింటికి లేచి వింటా.

మా తమ్ముడు చివరికి రికార్డు ప్లేయర్ కొనలేదు. మా ఇంట్లో రెండోది ఒక డీవీడీ ప్లేయర్ ఉంటే సంకలో పెట్టుకుని దేవరకొండ బస్సెక్కాడు, నలభై వేలల్లో పదిహేను వేలు ఆంప్లిఫయర్‌కి, స్పీకర్లకు అయ్యాయి. నిన్న ఫోన్ చేసి గొల్లపిల్లగాడు వినపడుతుండన్నాడు గాని, స్పీకర్లు ఎక్కడ పెట్టావంటే సజ్జ మీద అన్నాడు. కిందికి దింపితే బీరువా తలుపు తెరుచుకోదని మా మరదలు ఒప్పుకోవట్లేదట.